మేనమామ కట్టాల్సిన గుడిసె

అలమేలు పెద్దమనిషి అయిందని తెలిసి వాకిట్లో ఆడవాళ్లందరూ నవ్వుకుంటుంటే, నాకు మాత్రం నవ్వు రాలేదు. పిల్లకు పదమూడేళ్లు నిండాయి. ఇవాళో రేపో జరుగుతుందని తెలియనిదాన్ని కాను. తెలిసీ ఏ ఏర్పాటూ చేసుకోకుండా కళ్లు మూసుకుని కూర్చున్నాను. భయపడేవాళ్లకు అదొక రోగం.

మా వైపు ఆడపిల్ల పెద్దమనిషి అయితే మేనమామ వచ్చి వాకిట్లో పచ్చి కొబ్బరి మట్టలతో గుడిసె కట్టాలి. స్నానాలు ముగిసేదాకా పిల్ల అందులోనే ఉంటుంది. నాయన కడితే పనికిరాదు, చిన్నాయన కట్టినా పనికిరాదు. గుడిసె లేచేదాకా పిల్ల వసారా మూల చాప మీద కూర్చోవాల్సిందే.

నాకు తోడబుట్టినవాళ్లు లేరు. అందులో వింతేమీ లేదు, లేనివాళ్లకు పెదనాయన కొడుకో ఎవరో వచ్చి కడతారు. కానీ నేను లేని తమ్ముణ్ణి ఒకణ్ణి పుట్టించి పెట్టాను.

పదమూడేళ్ల కిందట, 1970లో, మేము గూడూరులో ఉండేవాళ్లం. మా ఆయన వెంకటముని నిమ్మకాయల మండీలో పనిచేసేవాడు. అభ్రకం గనిలో మొగుణ్ణి పోగొట్టుకున్న మునెమ్మ అనే ఆమె, ముగ్గురు ఆడపిల్లల తర్వాత నాలుగో బిడ్డను కని, సాకలేక మాకు ఇచ్చింది. దత్తత పత్రం రాయించాం. కన్నతల్లి అప్పుడప్పుడు వచ్చి చూసిపోవచ్చునని రాయాలా అని రాసేవాడు అడిగాడు. మా ఆయన నా ముఖం చూశాడు. వద్దు, కంటితో చూడ్డానికి కూడా రాకూడదని రాయమన్నది నేనే. మునెమ్మ వేలిముద్ర వేసింది.

నెల తిరక్కుండా బంగారుపాళ్యం వచ్చి మామిడితోట కౌలుకు పట్టాం. నేను కన్న బిడ్డేనని ఇక్కడ అందరికీ చెప్పాను. పురుడు ఎక్కడ పోశారని అడిగితే గూడూరులో మా తమ్ముడింట్లో అన్నాను. ఆ తర్వాత ఆ తమ్ముడికి పెళ్లి చేశాను, ఉద్యోగం వేయించాను, మేనకోడలికి వాడి పేరున పట్టుపావడాలు తెప్పించాను. వాడు ఏటేటా రాలేకపోవడానికి ఒక కారణం కూడా నేనే చూసిపెట్టేదాన్ని.

ఇప్పుడు వాడు మనిషిగా వచ్చి వాకిట్లో నిలబడాలి. తమ్ముడికి తంతి కొట్టారా అని పక్కింటి శకుంతలమ్మ పొద్దుటి నుంచి మూడుసార్లు అడిగింది. ఆమె చెడ్డది కాదు గానీ పట్టుకుంటే వదలదు. తమ్ముడు లేడని తేలితే పురుడు సంగతి తేలుతుంది. పురుడు సంగతి తేలితే బిడ్డ సంగతి తేలుతుంది. అది అలమేలు చెవిన పడితే నన్ను వదిలేసి కన్నతల్లిని వెతుక్కుంటూ పోతుంది. పదమూడేళ్లూ నా భయమంతా ఆ ఒక్కటే. రోడ్డు మీద బస్సు ఆగి, ఎవరైనా ఆడమనిషి దిగి అటూ ఇటూ చూసిందంటే చాలు, పిల్లను లోపలికి లాగి తలుపేసేదాన్ని.

మా ఆయన ఎక్కడికో చెప్పకుండా మొదటి బస్సుకు వెళ్లాడు. మధ్యాహ్నం మూడింటికి తిరిగివచ్చాడు. వెంట ఒక బక్కపలచటి మనిషి, భుజాన కొబ్బరి మట్టల మోపు. తమ్ముడు వచ్చినాడని శకుంతలమ్మే ముందుగా అందరికీ చెప్పింది. నేను మా ఆయన్ను వంటింట్లోకి పిలిచి ఎవరతను అని అడిగాను.

“దొరస్వామి. మునెమ్మ తమ్ముడు. పాపకు సొంత మేనమామ ఉండంగా, ఇంకెవుర్నో తెచ్చి నిలబెట్టమంటావా?”

వంటింటి తలుపు దగ్గరికి వేశాను. మిగతాది కూడా అప్పుడే చెప్పాడు. మునెమ్మ ఎనిమిదేళ్లుగా తిరుచానూరులో పూలు అమ్ముకుంటోంది. అక్కడి అమ్మవారి పంచమి తీర్థానికి ఏటా అలమేలును ఆయనే తీసుకుపోతాడు, జనసందడి నాకు పడదని నేను ఇంట్లోనే ఉంటాను. అక్కడ మునెమ్మ దగ్గరే పూలు కొంటాడు. ఆమె తన చేత్తో పిల్ల జడలో పెడుతుంది. ఆమె ఎవరన్నది పిల్లకు ఇద్దరూ ఒక్కనాడూ చెప్పలేదు. ఆ పూలు ఇంటికి తెస్తే నేనూ పెట్టుకున్నాను, ఎంత బాగున్నాయో అన్నాను. ఆ మాట గుర్తొచ్చి మా ఆయన చొక్కా పట్టుకుని ఊపేయాలనిపించింది. ఆయన తల వంచుకుని, చూడనివ్వకూడదని మనం రాయించిన రాత తనకు గొంతు దిగలేదని మాత్రం అన్నాడు.

దొరస్వామి ఎవరివైపూ చూడకుండా పని చేసుకుపోతున్నాడు. నాలుగు మూలలా కర్రలు పాతి, మట్టలు అల్లి, ఒక్కో ముడీ రెండుసార్లు లాగి చూస్తున్నాడు. ఆడవాళ్లు పరాచికాలాడితే ఒక్క మాటతో సరిపెడుతున్నాడు. నేను మజ్జిగ తీసుకెళ్లి ఇచ్చాను. అతను గ్లాసు అందుకుంటూ మెల్లగా అన్నాడు.

“నేనేమీ చెప్పను, భయపడొద్దు. మా అక్క బస్సులు ఆగే కాడ కూర్చోనుండాది. ఈడికి రాదు. గుడిసె లేసినాదని నేను పోయి చెప్తే బస్సెక్కి ఎలబారిపోతుంది.”

ఆమె ఫర్లాంగు దూరంలో ఉందని తెలిశాక ఇంట్లో ఎలా నిలబడతాను? వచ్చే బస్సు ఎక్కించి పంపేయాలని బయలుదేరాను. ఏమనాలో దారి పొడుగునా మనసులో అల్లుకున్నాను. టీకొట్టు పక్కన అరుగు మీద, ఒళ్లో పూలబుట్ట పెట్టుకుని కూర్చున్న మనిషి నన్ను చూడగానే లేచి గోడకు ఆనుకుపోయింది. నేను ఒక్క మాట అనకముందే చేతులు జోడించింది. కాగితంలో రాసింది తప్పినాను, కేసు పెట్టొద్దమ్మా, ఇంక సూడను అంది.

ఎనిమిదేళ్లుగా ఈమె జైలుకు భయపడుతూనే నా బిడ్డ జడలో పూలు పెడుతోందన్నమాట. నాకు సిగ్గేసింది. జోడించిన ఆమె చేతులు కిందికి దించాను. పూలు నీ చేత్తోనే ఇచ్చిపో, పూలమ్ముకునేదానిలాగే రా, అని పిలుచుకొచ్చాను.

అప్పటికి గుడిసె లేచింది, అలమేలును అందులో కూర్చోబెట్టారు. మునెమ్మను చూడగానే పిల్ల ముఖం విప్పారింది. తిరుచానూరు పూలమ్మ ఇంత దూరం ఎట్లా వచ్చినాదని అడిగింది. మునెమ్మ దూరంగానే నిలబడి బుట్ట కింద పెట్టింది. దొరస్వామి పైన జారిన ఒక మట్టను బిగిస్తూ, మునెక్కా ఆ తాడు ఇట్లియ్యి అన్నాడు. అలవాటుగా అనేశాడు పాపం. వెంటనే నాలుక కరుచుకున్నాడు.

పూలమ్మ నీకు తెలుసా మామా అని అలమేలు అడిగింది. అబద్ధమాడడం చేతకాని మనిషి, మా అక్క అన్నాడు. పిల్ల నా వైపు వేలు చూపించింది.

“పూలమ్మ నీకు అక్కయితే, మా అమ్మ నీకేమయితాది?”

వాకిట్లో నవ్వులు ఆగిపోయాయి. మునెమ్మే తడబడుతూ, మీ అమ్మా నేనూ పెదనాయన బిడ్డలం పాపా అంది. నా అబద్ధాన్ని నాకోసం ఆమె మోస్తోంది, కన్నబిడ్డ ముందు నిలబడి తన వరస తానే చెరిపేసుకుంటోంది. అది నేను చూడలేకపోయాను.

“కాదు అలమేలూ. ఆమె నిన్ను కనింది. నేను సాకినాను.”

శకుంతలమ్మ విన్నది, అందరూ విన్నారు. నాకు ఎవరూ కనబడలేదు. పిల్ల లేచి మునెమ్మ దగ్గరికి పోతుందని చూస్తున్నాను. అది లేవలేదు. గుడిసె మూలకు జరిగి, మోకాళ్లు దగ్గరికి లాక్కుంది.

“అయితే నన్ను ఇప్పుడు వాళ్లతో పంపించేస్తావా?”

అది పోతుందనే పదమూడేళ్లూ వణికాను గానీ, నేను పంపేస్తానని అది వణికే రోజొకటి వస్తుందని నాకు తోచనే లేదు. నిన్ను యాడికీ పంపను అన్నాను. రెండుసార్లు అన్నాను. అలమేలు నన్ను తేరిపార చూసింది. తర్వాత మునెమ్మ వైపు తిరిగింది.

“ఈమె చెప్పేది నిజమేనా?”

ఇందాకటి దాకా నేను దానికి అమ్మను, ఇప్పుడు ‘ఈమె’ను. పుట్టినప్పటి నుంచి అబద్ధం చెప్పినదాని మాట అది మాత్రం ఎందుకు నమ్ముతుంది? నేనూ మునెమ్మ ముఖమే చూశాను. ఆమె నోట ఏ మాట వస్తే నా బతుకు అది.

“నిజమే పాపా,” అంది మునెమ్మ. “సాకలేక నేను ఇచ్చేసినాను. మీ అమ్మ సచ్చినా నిన్ను ఎవురికీ ఇయ్యదు.”

అలమేలు కళ్లు తుడుచుకుని, చాప మీద కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది. ఎవరికో చెప్పలేదు. ఒక్కదాన్నే పోయి కూర్చునే ధైర్యం లేక, నేను మునెమ్మ చేయి పట్టుకున్నాను.