రొట్టెల దుకాణంలో తడి గీత

వానాకాలం పొద్దున్నే రొట్టెల కోసం వచ్చినవాళ్లు ఆ దుకాణంలో ముందు రొట్టెల వంక చూడరు. గల్లాపెట్టె పక్కనున్న గోడ వంక చూస్తారు. గోడ పొడిగా ఉంటే "రెండు ఇవ్వమ్మా, మెత్తనివి" అంటారు. గోడ మీద అడ్డంగా తడి గీత కనిపిస్తే, అది ఎంత ఎత్తున ఉందో చూసుకుని ఇంటికి పరుగెడతారు. మర్నాడు ఏరు పొంగి సరిగ్గా ఆ గీత దాకా వస్తుంది. గీత మోకాలెత్తున ఉంటే సామాన్లు మంచాల మీదికి ఎక్కుతాయి, నడుమెత్తున ఉంటే బల్లల మీదికి, ఇంకా పైనుంటే అటకల మీదికి. దీని గురించి వీధిలో ఎవరూ పనిగట్టుకుని మాట్లాడుకోరు. గడియారం టైము చెబుతుంది, గోడ నీళ్ల సంగతి చెబుతుంది, అంతే.

ఎవరూ మాట్లాడుకోకపోవడం వల్లే చిక్కొచ్చింది.

పెయింటరు దుకాణం ఉన్న ఆ ఇంటికి వచ్చింది మంచి ఎండాకాలంలో. అంతకు ముందు వేరే ఊళ్లో తండ్రీ కొడుకులిద్దరూ గోడలకు రంగులేసి బతికేవాళ్లు. పెద్దాయన పరంజా మీంచి పడి, తుంటి నుంచి మడమ దాకా పిండికట్టు వేయించుకున్నాక పని పోయింది, దాని వెనకే అద్దె గదీ పోయింది. కబురు అందిన రోజే పెద్దకోడలు బండి మాట్లాడుకుని వచ్చింది. భర్త పోయాక రొట్టెల దుకాణాన్ని ఒంటిచేత్తో నడుపుకొస్తున్న మనిషి. "సామాన్లు సర్దండి" అంది. అంతకు మించి ఒక్క మాట లేదు. పొయ్యి వెనక ఉన్న వెచ్చటి గది మామగారికి ఇచ్చేసి, తను పిండి బస్తాల పక్కన చాప వేసుకుంది.

ఆమెకు ఏదైనా చేయాలని పెయింటరుకు మనసు పీకుతూనే ఉండేది. రొట్టెలు కాల్చబోతే మాడ్చాడు. అందుకని చేతనైన పనే ఎంచుకున్నాడు. వదిన పిండిమర పని మీద పక్క ఊరెళ్లినప్పుడు, గల్లా పక్క గోడ మీది పాత మరకలన్నీ గీకేసి, లప్పం పెట్టి, నీళ్లు పీల్చని మీగడ రంగు మూడు కోటింగులు వేశాడు.

వదిన తిరిగొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. తర్వాత గోడను అరచేత్తో తడిమి చూసింది.

"నున్నగా ఉంది" అంది.

"చుక్క నీరు పట్టదు వదినా. పదేళ్లు గ్యారంటీ."

"పదేళ్లా!" అని స్టూలు మీద కూలబడింది. అప్పుడు చెప్పింది గీత సంగతి.

"మరి నాకెవరూ చెప్పలేదేం?"

"సూర్యుడు తూర్పున వస్తాడని నీకెవరైనా చెప్పారా?"

ఆ సాయంత్రమంతా అతను గోడ గోకాడు. రంగు పెచ్చు కూడా లేవలేదు. తన పనితనం మీద తనకే ఒళ్లు మండింది. వదిన మళ్లీ ఆ ఊసెత్తలేదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండు అనిపించింది అతనికి. నాన్న కట్టు విప్పగానే ఇద్దరూ వెళ్లిపోవాలని లోలోపల తీర్మానించుకున్నాడు.

వానలు మొదలయ్యాయి. జనం అలవాటుకొద్దీ వచ్చి గోడ వంక చూసేవారు. గోడ తళతళా మెరిసేది. ఎదురింటి దర్జీ అయితే అందులో చూసుకుని తల దువ్వుకునేవాడు.

ఈసారి ఎంత నీళ్లొస్తాయో చెప్పేవాళ్లు లేరు. మిగతావాళ్లు పరుగెత్తగలరు. పెద్దాయన మంచం దిగలేడు. అందుకే వదిన ముందుగానే పిండి బస్తాలు పైకి లాగే కప్పీకి కొత్త తాడు కట్టించింది. "నీళ్లొస్తే మామయ్యని అటకెక్కించేద్దాం. అటక దాకా ఎప్పుడూ రాలేదు" అంది.

"నన్ను బస్తాల్లో కలిపేశారన్నమాట" అన్నాడు పెద్దాయన. "చూసుకోమ్మా, పొరపాటున పిసికేస్తావేమో."

ఒక పొద్దున, ముసురు కాస్త తెరిపిచ్చిన వేళ, పెయింటరు గల్లా దగ్గర పొట్లాలు కడుతున్నాడు. దర్జీ పొట్లం అందుకుని మొహం చిట్లించాడు.

"ఏమయ్యా, తానం చేసి తుడుచుకునే అలవాటు లేదా? రొట్టెంతా తడిపేశావు!"

నిజంగానే పెయింటరు జుట్టు లోంచి నీళ్లు కారుతున్నాయి. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. వదిన తువ్వాలు తెచ్చి తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తడి. కప్పు కారుతోందేమో చూద్దామని అతను అటక నిచ్చెన ఎక్కాడు. సగం మెట్లు ఎక్కేసరికి జుట్టు ఆరిపోయింది.

"ఆగక్కడ" అంది వదిన. "ఒక మెట్టు దిగు."

దిగాడు. జుట్టు తడిసింది.

"ఎక్కు."

ఎక్కాడు. ఆరింది.

వదిన గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది. "గీత ఇక్కడికొచ్చి కూర్చుందా" అంది, తప్పిపోయిన మేక పెరట్లోనే కనిపించినట్టు.

అతను ఇంకా పైకెక్కేకొద్దీ ఒక్కో మెట్టుకూ తడి కిందికి జారింది. మెడ, ఛాతీ, నడుము. అతను అటక మీద పలకల మీదికి ఎక్కి నిలబడ్డాడు. కిందికి చూసుకున్నాడు. ప్యాంటు మోకాళ్ల దాకా ఇంకా తడిగానే ఉంది.

"వదినా" అన్నాడు. "ఇక్కడ కూడా మోకాళ్ల దాకా."

కింద వదిన కప్పీ వంక చూసింది. కప్పీ తాడు గాలికి ఊగుతోంది. పాత గోడే ఉండి ఉంటే అటక పలకల కింది దాకా మొత్తం తడిసి ఊరుకునేది. దానికి అంతకు మించి ఎత్తు లేదు. మంచం మనిషిని పైకి లాగి, నిశ్చింతగా అక్కడే వదిలేసేవాళ్లు.

ఆ తర్వాత పనులు చకచకా జరిగాయి. రొట్టెల బండి మీది తట్టలు దించేసి, పరుపు వేసి, పెద్దాయన్ని పడుకోబెట్టారు. పెయింటరు ముందు నడిచాడు. వెనక బండి తోస్తూ వదిన, దర్జీ, వాళ్ల వెనక మూటలతో, మేకలతో, కుట్టుమిషన్లతో వీధి మొత్తం ఎగువకు బయల్దేరింది. అందరి కళ్లూ పెయింటరు వీపు మీదే.

"జుట్టు ఆరింది!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. కాసేపటికి, "భుజాలు ఆరాయి!"

"మా వాడు పుట్టినప్పుడు కూడా ఇంతమంది చూడ్డానికి రాలేదు" అన్నాడు పెద్దాయన బండి మీంచి. "నిన్నటి రొట్టెనని నన్ను సగం ధరకు అమ్మేయకండి."

బడి దగ్గర మెట్లెక్కుతుంటే తడి మడమల దాకా దిగింది. వరండాలో కాలు పెట్టాక అతను చెప్పులు విప్పి చూశాడు. అరికాళ్లు పొడిగా ఉన్నాయి.

"ఇక్కడే" అన్నాడు. అందరూ మూటలు దించారు.

మధ్యాహ్నం మైకు బండి ఒకటి ఆ వీధిలోకి వచ్చి, ప్రజలు అప్రమత్తంగా ఉండాలని చెప్పి వెళ్లింది. వినడానికి వీధిలో ఎవరూ లేరు.

మర్నాడు ఏరు వచ్చింది. దుకాణం అటక మీద మోకాళ్ల దాకా నీళ్లు నిలిచాయి, కప్పూ పొగగొట్టమూ తప్ప ఏమీ కనిపించలేదు. నీళ్లు బడి పై మెట్టును తాకి, కాసేపు అక్కడే తచ్చాడి, వెనక్కి మళ్లాయి. వదిన వరండా స్తంభానికి ఆనుకుని, మామగారి పిండికట్టు మీద చెయ్యి వేసి, అది పొడిగా ఉందని మళ్లీ మళ్లీ చూసుకుంది.

బురద ఎత్తిపోయడానికి చాలా రోజులు పట్టింది. ఎవరి ఇల్లు ముందని వంతులు పెట్టుకోలేదు. పొయ్యి తడారితే అందరికీ రొట్టె దొరుకుతుందని వీధంతా ముందు దుకాణం మీద పడింది. తలుపులు ఊడాయి, పలకలు ఉబ్బాయి. మీగడ రంగు గోడ మాత్రం చెక్కు చెదరలేదు. తడిగుడ్డతో ఒక్కసారి తుడిచేసరికి మళ్లీ మెరిసింది.

"గ్యారంటీ అంటే గ్యారంటీయే" అంది వదిన. ఆ గోడను తలచుకుని ఆమె నవ్వడం అదే మొదలు.

వానలు వెనకబట్టాక పెద్దాయన కట్టు విప్పారు. కర్ర పట్టుకుని గది నుంచి గల్లా దాకా సొంతంగా నడిచొచ్చాడు. పెయింటరు సంచీ బయటికి తీశాడు.

"వదినా, ఇక మేం..."

"ఉండు" అంది వదిన, గుమ్మం వైపు చూపిస్తూ. దర్జీ మెడలో టేపు వేసుకుని నిలబడి ఉన్నాడు.

"చేతులు చాపవయ్యా" అన్నాడు. "వీధంతా కలిసి గుడ్డ తెచ్చింది. లేత నీలం. తడి చుక్క పడినా ఆమడ దూరం కనబడుతుంది."

"ఇప్పుడెందుకండీ ఇవన్నీ..."

"నీ కోసం కాదులే, మా కోసం. కదలకు, కొలతలు తప్పుతాయి."

పెయింటరు చేతులు చాపాడు. కళ్లలో నీళ్లు తిరిగితే, అవి ఏ నీళ్లో ఎవరూ అడగలేదు.

మరుసటి వానాకాలం పొద్దున్నే అతను లేత నీలం చొక్కా వేసుకుని గల్లా దగ్గర నిలబడ్డాడు. మొదట వచ్చిన ఆవిడ గొడుగు ముడిచి, అతన్ని కాలరు నుంచి అంచు దాకా నిదానంగా చూసింది. చొక్కా పొడిగా ఉంది.

"రెండు ఇవ్వు నాయనా" అంది. "మెత్తనివి."