తెల్లబడ్డ పగడాలు

ఆపరేషన్ కత్తులూ కత్తెరలూ ఆవిరి యంత్రంలో పెట్టి శుద్ధి చేసే ఆవిణ్ణి ఆస్పత్రిలో అందరూ ఆవిరమ్మ అనేవారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఎక్కడా వినపడేది కాదు. ఇరవై రెండేళ్లుగా ఆవిడకు ఒక్కటే శత్రువు, కంటికి కనపడని క్రిమి. ఇంట్లోనూ అదే యుద్ధం. చుట్టాలకు మంచినీళ్లిస్తే గ్లాసు ఇచ్చేముందు ఒకసారి, వాళ్లు తాగాక రెండుసార్లు కడిగేది. మన ఇంట్లో బల్లి కూడా కాళ్లు తుడుచుకుని గోడెక్కుతుందని తమ్ముడు ఏడిపించేవాడు.

ఆ తమ్ముడికి కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని. చిన్నప్పుడే అమ్మ పోతే అక్కే పెంచింది. పెళ్లీ పెటాకులూ లేకుండా అక్క దగ్గరే ఉండిపోయాడు. వాడికున్న పిచ్చల్లా ముందుగదిలోని ఉప్పునీళ్ల తొట్టి. అందులో చేపలు కూడా లేవు. రాళ్లు, వాటి మీద పెరిగే పగడాలు, అంతే.

"పగడమంటే ఎర్రగా మెరవాలి గానీ, మడ్డి పట్టినట్టు ఈ గోధుమరంగేంట్రా?" అని ఆవిడ మూతి విరిచేది. వాడు వివరించబోతే ఆవిడకు పొయ్యి మీద ఏదో ఒకటి గుర్తొచ్చేది.

ఊపిరితిత్తులు చెడి వాడు అక్క పనిచేసే ఆస్పత్రిలోనే, మూడో అంతస్తులో చేరాడు. చేరిన రోజు అడిగింది ఒక్కటే.

"నీళ్లు తగ్గితే పొయ్యక్కా. రోజూ చిటికెడు మేత వెయ్యి. అంతకు మించి ఏం చెయ్యకు. పదకొండేళ్లు పెంచాను. ఇంటికొచ్చి వాటిని చూసుకుంటే చాలు నాకు."

"నువ్వొచ్చేసరికి అద్దంలా ఉంచుతాగా!" అంది ఆవిడ.

ఏం చెయ్యకు అన్నది తనను శ్రమపెట్టడం ఇష్టంలేక అనుకుంది. పిచ్చి మనిషి! ఎవరైనా చెయ్యి పట్టుకుని ఆపి ఉంటే బాగుండేది. ఆపడానికి ఇంట్లో ఎవరున్నారు గనక?

సెలవురోజు చూసుకుని నడుం బిగించింది. రాళ్లు పైకి తీస్తే చేతికి జిగురు తగిలి ఒళ్లు జలదరించింది. ఆస్పత్రి మందు కలిపిన వేణ్ణీళ్లలో వాటిని బ్రష్షుతో రుద్దింది. ఇసుకను మరిగించింది. నీళ్లు వడకట్టే పాత స్పాంజి పారేసి కొత్తది పెట్టింది. పగడాలను మాత్రం పసిపిల్ల ముక్కు తుడిచినంత మెల్లగా తుడిచింది. పొట్లం మీద రాసిన లెక్క తప్పకుండా ఉప్పు కలిపి కొత్త నీళ్లు పోసింది. మందు ఘాటుకు చేతుల తోలు ఊడింది. అయినా ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

వారంలో పగడాల గోధుమరంగు పలచబడింది. పదో రోజుకు ఒక్కోటీ మల్లెపూవంత తెల్లగా తేలింది. ఇన్నేళ్ల మడ్డి వదిలిందని ఆవిడ ఆనందం పట్టలేక ఫొటో తీసి, భోజనాల వేళ పైకి పరుగెత్తింది.

తమ్ముడు ఫోన్ అందుకుని బొమ్మను పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

"రాళ్లు కూడా కడిగావా అక్కా?"

"రాళ్లు, ఇసుక, అన్నీ! మన ఆస్పత్రి మందేసి మరీ కడిగా. ఒక్క క్రిమి మిగిలితే ఒట్టు."

వాడు తలెత్తి ఆవిడ చేతులు చూశాడు. తోలు ఊడిన కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఎంత తెల్లగా ఉన్నాయో! చాలా బాగున్నాయక్కా" అన్నాడు. కాసేపటికి నిద్రొస్తోందని గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆవిడ కిందకొచ్చి ఆ ఫొటో తోటివాళ్లందరికీ చూపించింది. నాలుగో రోజున తమ్ముడు పోయాడు.

అంతా అయిన వారానికి తొట్టి సామాను అమ్మే షాపు పెద్దాయన ఓ డబ్బా పట్టుకుని ఇంటికొచ్చాడు. తొట్టి వైపు ఒకసారి చూసి చూపు తిప్పుకున్నాడు.

"వాడు చూసి ఎంత సంతోషించాడో అండీ" అందావిడ. ఏడుపులోనూ కాస్త గర్వం ఉంది.

"అవునమ్మా" అని ఆయన డబ్బాలోంచి ఒక రాయి తీసిచ్చాడు. "ఇది తొట్టిలో వెయ్యమన్నాడు మీ తమ్ముడు."

అదీ జిగురు జిగురుగానే ఉంది. ఆవిడ అలవాటుగా సింకు దగ్గరికెళ్లి కుళాయి మీద చెయ్యి వేసింది.

"కడక్కండమ్మా!" పెద్దాయన కేకకు ఆవిడ ఉలిక్కిపడింది. "ఇదీ కడిగేస్తే ఇంకేం మిగలదు."

నోరు జారాక ఆయనకు చెప్పక తప్పలేదు. పగడానికి ఆ రంగు దాని ఒంట్లో కాపురముండే సూక్ష్మమైన నాచుదట. పగడానికి తిండి పెట్టేది కూడా ఎక్కువగా అదేనట. రాళ్ల మీద జిగురంతా క్రిములట. నీళ్లలో చేరే విషాన్ని విరిచేవి అవేనట. అవి పోతే పగడం తన నాచును వదిలేసి, తెల్లబడి, ఆకలితో చచ్చిపోతుందట.

"అయితే ఇవి..."

"పోయాయమ్మా. ఇక బతకవు. ఆ ఫొటో చూసిన రోజే మీవాడు నాకు ఫోన్ చేశాడు. ఆయాసంతో మాట రావడం లేదు. మీ షాపు తొట్టిలోంచి ఒక పాత రాయి అక్కకివ్వండి, మళ్లీ మొదలవుతుంది అన్నాడు. అక్కకి మాత్రం అసలు సంగతి తెలియనివ్వకండి, తట్టుకోలేదు అని మరీమరీ చెప్పాడు. నేనే మాట నిలబెట్టుకోలేకపోయాను."

వాడు గోడవైపు ఎందుకు తిరిగాడో ఆవిడకు అప్పుడు తెలిసింది. కుళాయి మీంచి చెయ్యి తీసి, రాయిని అలాగే తీసుకెళ్లి తొట్టి అడుగున ఆనించింది.

పెద్దాయన వెళ్లాక ఆ తెల్లటి పగడాల ముందు చతికిలబడింది. కుడిచేతికి ఇంకా జిగురుంది. వాడు చివరిసారి పట్టుకున్న చెయ్యి అది. తుడుచుకోలేదు, కడుక్కోలేదు, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఒక్క మాట తిట్టాల్సిందిరా నన్ను" అంది. "ఒక్క మాట తిట్టి పోవాల్సింది."