నిండుగా తిరిగొచ్చే నీళ్ల జగ్గు

నీళ్ల జగ్గుని నేను. నీలం ఒళ్ళు, తెల్ల మూత, బొడ్డు దగ్గర ఒక నల్లా. "ఓస్, ఇంతేనా!" అనుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే, మే నెలలో మిట్టమధ్యాహ్నం ఒకసారి ఇటు రండి, అప్పుడు మాట్లాడుకుందాం. పక్కన బంగారు చెంబు పెట్టినా సరే, ఆ వేళకి మీ చెయ్యి నా నల్లా మీదికే వస్తుంది. గొప్పలు పోతున్నాననుకోకండి. ఉన్న మాటే చెప్పాను.

హైదరాబాదు శివార్లలో ఒక ప్లాస్టిక్ కార్ఖానాలో పుట్టాను. సలసల కాగే ముద్దగా అచ్చులోకి దూరి, లోపలొక గోడ, బయటొక గోడ కట్టుకుని, రెండింటి మధ్యా నురుగు నింపుకుని బయటపడ్డాను. ఆ నురుగే నా గుణం. బయట ఎంత మండిపోతున్నా లోపలి చల్లదనాన్ని పోనివ్వను. అలాంటివాళ్ళు మనుషుల్లోనూ ఉంటారట గానీ, నాకు తగిలింది తక్కువ.

మొదట నన్ను కొన్నది టెంటు హౌసు ఈశ్వరయ్య. పెళ్ళిళ్ళకీ, మీటింగులకీ, దినాలకీ నన్ను అద్దెకు పంపేవాడు. పెళ్ళిలో నా ముఖం చూసే నాథుడుండడు, రంగురంగుల సోడాలుంటాయి కదా. మీటింగులో ఉపన్యాసం చెప్పేవాడు తాగుతాడు, వినేవాళ్ళు ఎండుతారు. ఒక్క చావింట్లోనే నాకు మర్యాద. ఏడ్చి ఏడ్చి గొంతులు తడారిపోయి అందరూ నా దగ్గరికే వచ్చేవారు. రెండు గ్లాసులు తాగి, కళ్ళు తుడుచుకుని, పోయినవాడి మీద మెల్లగా చాడీలు మొదలుపెట్టేవారు. ఎన్ని విన్నానో! నా కడుపులో మాట కడుపులోనే ఉంటుందనుకోండి.

ఈశ్వరయ్య ముసలివాడై టెంటు హౌసు ఎత్తేస్తూ సామానంతా వదిలించుకున్నాడు. అప్పుడు నన్ను ఇంటికి తెచ్చుకున్నది అండాలు.

అండాలు సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఇల్లు మౌలాలిలో. ఉద్యోగం చేసినన్నాళ్ళూ "చార్మినార్! చార్మినార్!" అని గొంతు చించుకుంది. "గోల్కొండ దిగేటోళ్ళు ముంగటికి రావాలె!" అని జనాన్ని దింపింది. తను మాత్రం ఏ ఒక్కచోటా దిగి చూసింది లేదు. కండక్టరే దిగి కోట చూస్తూ కూర్చుంటే బస్సు సంగతేమిటి మరి? అందుకే రిటైరైన వారం తిరక్కుండా కాలనీ ఆడవాళ్ళని పోగేసి అన్నది:

"ఊరందరిని తిప్పిన. నేను జూసిందేంది? డిపో గోడ! ఇగ మనం జూద్దాం. ఎవరెవరొస్తరు?"

వాళ్ళూ ఆమెకేం తీసిపోలేదు. ఈ ఊళ్ళోనే కాపురాలు చేసి, పిల్లల పెళ్ళిళ్ళు కూడా చేసేసి, హుస్సేన్‌సాగర్‌లో బుద్ధుణ్ణి టీవీలో మాత్రమే చూసినవాళ్ళు. ఎగిరి గంతేశారు.

ఆదివారం మధ్యాహ్నాలు అండాలు ఇంటి అరుగు మీద సభ. ఒకామెకు లాడ్ బజారు గాజులు కావాలి. ఒకామెకు గుడి లేనిదే అది ట్రిప్పే కాదు. పక్కింటి రాజమణికి జంతువులంటే ప్రాణం, ఎప్పుడు అడిగినా "జూ పార్కు వోదాం" అంటుంది. అందరి మాటా విని ఆఖరికి అండాలు తన మాటే చెప్పేది. మినీ బస్సు మాట్లాడేది తను, ఎవరు పులిహోర తేవాలో, ఎవరు పెరుగన్నం తేవాలో పంచేది తను. బస్సు కదిలాక ఎవరైనా మధ్యలో ఆపమంటే ఒకటే జవాబు: "స్టాపు లేని తావుల బస్సాగది!" ఉద్యోగం వదిలింది గానీ ఉద్యోగం బుద్ధి వదల్లేదు.

ఇక నా సంగతి. పొద్దున్నే నాలో ఐసుగడ్డలు వేసి, అంచు దాకా నీళ్లు పోసి, ఇద్దరు మోసుకొచ్చి బస్సులో ముందు సీట్లో కూర్చోబెట్టేవారు. మహారాణి భోగం! సాయంత్రం అలాగే దింపేవారు. అలాగే అంటే నిండుగా. రోజంతా ఎండలో తిరిగి ముఖాలు కందిపోయినా ఒక్కరూ నా నల్లా తిప్పేవారు కాదు. "తాగవే" అంటే "దప్పిక లేదొదినా" అనడం, మరీ బలవంతం చేస్తే పెదాలు తడుపుకోవడం. నా నీళ్లన్నీ ఇంటి ముందు కరివేపాకు చెట్టుకి పోసేవారు. ఆ చెట్టు ఏపుగా పెరిగి వీధంతటికీ కరివేపాకు పంచింది. నేను మాత్రం లోలోపల కుమిలిపోయాను. టెంటు హౌసు వాసన ఇంకా పోలేదేమో, నాలో నీళ్లు రుచిగా లేవేమో అని ఎన్ని అనుమానాలు పడ్డానో!

గోల్కొండ వెళ్ళిన రోజు ఎండ నిప్పులు చెరిగింది. నేను కింద బస్సులో ఉన్నాను. ఇద్దరు ఆడవాళ్ళు పరుగున వచ్చి నన్నెత్తుకుపోయారు. చూద్దును కదా, చెట్టు కింద రాజమణి పడుకుని ఉంది, కళ్ళు తేలేసింది. మెట్లెక్కుతూ ఎక్కుతూ కూలబడిపోయిందట. అండాలు నా నీళ్లతో ఆమె ముఖం తుడుస్తూ "రాజీ, ఓ రాజీ!" అని ఒకటే పిలుపు. ఆస్పత్రికి తీసుకుపోయి సెలైన్ ఎక్కించారు. ఒంట్లో నీళ్లు లేవన్నాడు డాక్టరు.

రాజమణి భర్త సత్తయ్య ఆస్పత్రికి ఉరుకులు పరుగుల మీద వచ్చాడు. లారీ ఆఫీసులో గుమాస్తా, పెళ్ళామంటే పంచప్రాణాలు, నోరు మాత్రం కటువు. వాకిట్లో బస్సులో ఉన్న నన్ను చూసి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

"జగ్గు నిండ నీళ్లు పెట్టుకొని తాగకుంట సావనీకి వోయిన్రా? ఎందుకు తాగలే?"

నీళ్లు తాగనివాళ్ళంతా నీళ్లు నమిలారు.

"ఇగ ఈ ట్రిప్పులు గిప్పులు బంద్!" అన్నాడు సత్తయ్య. ఆ మాటే మిగతా ఇళ్ళల్లోనూ అన్నారు.

అరుగు మీద సభ ఆగిపోయింది. నా మూత మీద దుమ్ము పేరుకుంది, పిల్లి ఎక్కి పడుకునేది. రిటైరై దండలేయించుకున్నప్పుడు కూడా ఏడవని అండాలు ఆ రోజుల్లో ఏడ్చింది. పాపం, ఇన్నేళ్ళకి తనకంటూ ఒక సరదా దొరికింది, అది కూడా రాజమణి ప్రాణం మీదికి తెచ్చింది. మళ్ళీ ఎవరిని రమ్మనాలి, ఏ ముఖంతో అడగాలి?

కోలుకున్నాక రాజమణే వచ్చి నా పక్కన కూర్చుంది. అండాలు ఆమె చెయ్యి పట్టుకుని అడిగింది.

"నిజం జెప్పు రాజీ. ఆ పొద్దు నీకు దప్పిక గాలేదా?"

"ఎందుకు గాలేదక్కా? నాలుక పిడచగట్టుకపోయింది."

"మరెందుకు తాగకపోతివే?"

"తాగితే ఏడికి వోవాలె?" అన్నది రాజమణి తల వంచుకుని. "నువ్వు నడుమల బస్సాపవు. ఆ డ్రైవరు ముంగట గా ముచ్చట ఎట్లడుగుతం? సిగ్గు గాదా? అందుకే పొద్దున సగం కప్పు చాయ్ తాగి ఒస్తం. అందరం గంతే."

అండాలు నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్ళ నీళ్లొచ్చాయి, ఆ నీళ్లు ఎంతకీ ఆగలేదు.

"నేను సర్వీసంత గట్లనే జేసిన రాజీ. డ్యూటీ ఎక్కినంక దిగెదాంక చుక్క ముట్టలే. నా పానం అలవాటు పడ్డది, మీకు గూడ గట్లనే ఉంటదనుకున్న. ఎంత తెలివితక్కువదాన్నే నేను!"

అప్పుడు గానీ నాకు తెలియలేదు. వాసనా కాదు, పాడూ కాదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నది వీళ్ళ లెక్క. నా గుండెల మీంచి పెద్ద బరువు దిగింది.

మర్నాటి నుంచి అండాలు చేతిసంచి వేసుకుని ఒంటరిగా ఊరు మీద పడింది. పార్కులు, గుళ్ళు, మ్యూజియంలు తిరిగింది. అక్కడి వింతలు చూడ్డానికి కాదు, బాత్రూంలు చూడ్డానికి. తలుపుకి గడియ పడుతుందా, నల్లాలో నీళ్లొస్తాయా, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కూర్చోగలరా, అన్నీ చూసొచ్చి అరుగు మీద చెప్పింది. మొదట్లో అందరూ కొంగులు నోట్లో కుక్కుకుని కిచకిచ నవ్వారు. కాసేపటికి గాజుల కోసం కొట్లాడినంత గట్టిగా దీని మీదా కొట్లాడారు. ముందు ఎక్కడ ఆగాలో తేల్చుకుని, ఆ దారిలో ఏం చూడొచ్చో తర్వాత చూసుకున్నారు. అలా ఆలోచిస్తే జూ పార్కే కుదిరింది. రాజమణి ముఖం చాటంతయింది.

మిగిలింది సత్తయ్య. అండాలు స్వయంగా వాళ్ళ గడపలో నిలబడింది.

"అన్నా, ఈ ఒక్కపాలి రాజీని తోలియ్యి. మళ్ళ ఆమెకేమన్నయితే నేను మీ ఇంటి దిక్కు జూడ. ట్రిప్పుల పేరెత్త."

సత్తయ్య చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. "నేను గూడ ఒస్త. నా కండ్లతోని జూస్త," అన్నాడు.

చూశారా తిరకాసు! అడ్డుగా ఉన్నదే సిగ్గు, దానికి తోడు ముందు సీట్లో ఒక మగమనిషి. బస్సు కదిలింది. నేను నిండుగా కూర్చున్నాను. ఎవరూ లేవరు. ఇక ఈసారీ నాకు కరివేపాకు చెట్టే గతి అనుకున్నాను. అప్పుడు అండాలు లేచి, స్టీలు గ్లాసు నింపి, అందరూ చూస్తుండగా గటగటా తాగింది. మొదటి గుక్క దిగడానికి ఆ గొంతు ఎంత మొరాయించిందో నాకు తెలుసు. రెండో గ్లాసూ తాగి, మూడోది రాజమణి చేతికిచ్చింది. ఆ తర్వాత నా నల్లా మూతపడలేదు.

జూలో బ్యాటరీ బండిలో నాకూ ఒక సీటిచ్చారు. తాగారు, వెళ్ళారు, వచ్చారు, మళ్ళీ తాగారు. పులి కన్నా, జిరాఫీ కన్నా రాజమణి ఎక్కువసేపు నిలబడింది నీటిగుర్రం ముందు.

"నీళ్లల్లనే తాగుడు, నీళ్లల్లనే అన్నీ. ఎవ్వల్ని అడిగే పని లేదు. అదృష్టమంటే నీదేనే తల్లీ!" అంది. అండాలు పొట్ట పట్టుకుని నవ్వింది. సత్తయ్య వినీ విననట్టు కోతుల్ని చూశాడు.

తిరుగు దారిలో బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. ఇది ఎవరి ప్లానులోనూ లేదు. బండి అంగుళం అంగుళం కదులుతోంది. రాజమణి అటు జరిగింది, ఇటు జరిగింది, కిటికీ ఊచ పట్టుకుంది. ఆమె ముఖం చూసి అందరికీ తెలిసిపోయింది, ఎవరూ అనరు. ముందు డ్రైవరున్నాడు, అతని పక్కన మొగుడున్నాడు. ఎప్పటిలాగే ఓర్చుకుంటుందిలే, రేపటి నుంచి మళ్ళీ ఎవరూ తాగరు అని నేనూ ఆశ వదిలేసుకున్నాను. ఎడమపక్క ఒక పెట్రోలు బంకు కనబడింది. రాజమణి లేచి నిలబడింది.

"ఓ డ్రైవరన్నా! జెర బండి పక్కకు ఆపు. బాత్రూంకు వోవాలె."

సత్తయ్య గిరుక్కున వెనక్కి తిరిగాడు. అండాలు సీట్లోంచి లేచి, డ్యూటీ నాటి గొంతు పైకి తీసి ఒక్క కేక పెట్టింది.

"హోల్డాన్!"

బస్సు ఆగింది. "నేను గూడ," అని ఒకామె లేచింది. "నేను గూడ," ఇంకొకామె. చూస్తుండగానే అందరూ బిలబిలా దిగిపోయారు. బంకు పక్కన వరసలో నిలబడి, ఒకరి మీద ఒకరు పడి నవ్వుకుంటున్నారు. ఆ వరసకి ముందు రాజమణి.

బస్సులో సత్తయ్య, డ్రైవరు, నేను మిగిలాం. సత్తయ్య కిటికీలోంచి భార్యని అలాగే చూశాడు. ఎండకి ఆయన ముఖమంతా చెమట. గ్లాసు తీసుకుని నా నల్లా తిప్పాడు. చుక్క రాలేదు. నన్ను వంచి చూశాడు, మూత తీసి లోపలికి తొంగి చూశాడు. అయ్యో పాపం అనిపించింది గానీ, ఏం చెయ్యను, నా కడుపులో నిజంగా ఏమీ లేదు.

అండాలు మెట్టెక్కుతూ ఆయన చేతిలో ఖాళీ గ్లాసు చూసి గతుక్కుమంది.

"ఒక్క జగ్గు ఏం సరిపోతదక్కా," అన్నాడు సత్తయ్య. "ఒచ్చేపాలి రెండు వెట్టుండ్రి."