అద్దంలో తెల్ల కారు

అసలు వెనక వచ్చేవాళ్ళని చూపించే అద్దమే లేకుండా కార్లు తయారుచేసి ఉంటే నేను ఇంకాస్త మంచివాడిగా బతికేవాడినేమో అనుకుంటూనే మళ్ళీ అద్దంలోకి చూశాను. తెల్ల కారు అక్కడే ఉంది. మూడో మలుపు దగ్గర కనపడింది, ఇప్పుడు ఏడో మలుపు. హారన్ కొట్టదు, లైట్లు ఆడించదు, మీదమీదకి రాదు. నాలుగు కార్లంత దూరం వదిలి ఓపిగ్గా వస్తోంది. అలా రావడం నేర్పింది ఎవరో నాకు తెలుసు.

పోయిన ఆదివారం కొండమీద టీ దుకాణం నడిపే ఫుసాయో పిన్ని చెప్పింది.

"ఏరా నగుమో, ఇంకా ఈ డబ్బా తోలుతున్నావా? మీ ఇవాసే నయం, వయసైపోయిందని లైసెన్సు తీసుకెళ్ళి పోలీసులకి తిరిగిచ్చేశాడు."

"ఇవాసే అన్న ఇక్కడికి వచ్చాడా?"

"వచ్చాడా ఏంటి, నెలరోజులుగా వస్తున్నాడు. కూతురు తోలుతుంది, ఈయన పక్కన కూర్చుని మలుపుమలుపుకీ సణుగుతాడు. పాత తెల్ల కారే. నువ్వొచ్చే వేళకి వాళ్ళు కొండ దిగి వెళ్ళిపోయి ఉంటున్నారు. కాస్త ముందు లేవకూడదూ?"

ఈరోజు ముందే లేచాను. ఎందుకు లేచానో మాత్రం నన్ను నేను అడగలేదు.

ఇవాసే అన్న మేం పనిచేసిన లేత్ వర్క్‌షాపులో నాకంటే ఎనిమిదేళ్ళు పెద్ద. ఆదివారాలు సరదాగా కారు తోలడానికి ఈ కరసుగోయె కనుమకి నన్ను తీసుకొచ్చింది ఆయనే. మొదటిరోజే, కొండ కింద ఊరు రాకముందే పాఠం మొదలుపెట్టాడు.

"ఒరేయ్, ఇక్కడ ఇంజన్ని అరిపించకు. ముసలాళ్ళు పడుకుని ఉంటారు. పసిపిల్లని భుజాన వేసుకున్నట్టు దాటు."

"వెనక నాకంటే వేగంగా ఎవడైనా వస్తే?"

"ఎడమ ఇండికేటర్ వెయ్యి, ఆక్సిలరేటర్ మీంచి కాలు తియ్యి, దారి ఇవ్వు. వాడు దాటాక నాలుగు ఇండికేటర్లూ రెండుసార్లు వెలిగించి దణ్ణం పెడతాడు. అంతే."

"అంటే నేను ఓడినట్టేగా!"

"నీ మొహం. 'నిన్ను చూశాను' అని చెప్పినట్టు. చూడనివాడితో కొండెక్కాలంటే నాకు భయం."

ఎన్ని ఆదివారాలో. శిఖరం మీద కార్లన్నీ రోడ్డువైపు ముఖాలు పెట్టి వరసగా నిలబడేవి. వేడెక్కిన బ్రేకుల వాసన, తడిసిన దేవదారు చెట్ల వాసన, పిన్ని పుల్లలకి గుచ్చి, మిసో అనే సోయా ముద్ద పూసి ఇచ్చే కొన్యకు దుంపజెల్లీ ముక్కల ఆవిరి. డబ్బాలో మొక్కజొన్న సూపు తాగాక అడుగున నాలుగు గింజలు అతుక్కుని ఉండేవి. ఇవాసే అన్న డబ్బాని నెత్తిమీదకి ఎత్తి, అడుగున తడుతూ, ఆ నాలుగు గింజలకోసం అయిదు నిమిషాలు పోరాడేవాడు. ఎవరు వేగంగా వచ్చారన్న మాట ఎవరూ ఎత్తేవారు కాదు. అది ఎత్తకపోవడమే అక్కడి మర్యాద.

ముప్పై ఏళ్ళ కింద, నవంబరులో ఒక పొద్దున, అయిదో మలుపు దగ్గర ఈ తెల్ల కారే నా వెనకకి వచ్చింది. చూశాను. ఆయన కళ్ళజోడు మెరవడం కూడా చూశాను. చెయ్యి ఇండికేటర్ దాకా వెళ్ళి ఆగిపోయింది. పనిలో ఆయన వెనక, మాటలో ఆయన వెనక. ఒక్కసారి, తొమ్మిది మలుపులపాటు ముందుండాలనిపించింది. ఉన్నాను. ఆయన అదే దూరంలో, అదే ఓపికతో వచ్చాడు.

పైన కారు దిగి అడిగాడు. "నేను అద్దంలో కనపడలేదురా?"

"లేదన్నా. వెనక అద్దానికి మంచు పట్టింది."

ఆయన నా కారు వెనక అద్దం వైపు చూశాడు. అది తళతళా మెరుస్తోంది.

"ఓహో" అన్నాడు. తన చేతిలోని కాఫీ డబ్బా నా చేతిలో పెట్టాడు. "తాగు, చల్లారిపోతుంది."

దారి ఇవ్వనందుకు తిట్టినా బాగుండేది. తరవాతి ఆదివారం రాలేదు. వసంతంలో వేరే ఊరి ఫ్యాక్టరీకి మారిపోయాడు. రెండేళ్ళు కొత్త సంవత్సరం కార్డులు వచ్చాయి, మూడో ఏడు రాలేదు. నేను మాత్రం ప్రతి ఆదివారం కొండెక్కుతూనే ఉన్నాను. అద్దంలో ఎవరు కనపడినా ముందే పక్కకి తప్పుకునేవాడిని. అది మర్యాదని అందరూ అనుకున్నారు.

పదకొండో మలుపు. దీని తరవాత రోడ్డు కాస్త వెడల్పవుతుంది, శిఖరంలోపు అదే ఆఖరి చోటు. ఇక్కడ కూడా దారి ఇవ్వకుండా పోతే పైన టీ దుకాణం బల్లమీద, ఆయనకి ఎదురుగా, పాత అబద్ధాన్నే మధ్యలో పెట్టుకుని కూర్చోవాలి. ఆయన మళ్ళీ అడగడు. నేను మళ్ళీ చెప్పను. ఇద్దరం వాతావరణం గురించి మాట్లాడుకుంటాం.

విచిత్రం, ఈరోజు నిజంగానే వెనక అద్దం అంచులకి మంచు పట్టింది. కావాలంటే కనపడలేదని చెప్పుకోవచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా, వినేవాళ్ళు ఎవరూ లేకపోయినా. అద్దం మధ్యలో మిగిలిన స్పష్టమైన చోట తెల్ల కారు, స్టీరింగ్ వెనక ఒక ఆడమనిషి ముఖం, పక్క సీట్లో ముందుకి వంగి నా కారునే చూస్తున్న ఒక కళ్ళజోడు.

మలుపు తిరిగింది. రోడ్డు వెడల్పయింది.

కాలు తీసి, ఎడమ ఇండికేటర్ వేశాను.