మూడో గది గడప మీద నీడ

వైరా రోడ్డు మీది అరటిపండ్ల గోదాములో రోజూ పొద్దున పని ఒకే తీరుగా మొదలయ్యేది. సూపర్‌వైజర్ మురళీకృష్ణ కాయలు మాగబెట్టే గదుల తలుపులు బార్లా తీసి ఫ్యాన్లు వేసేవాడు. ఊడ్చే గంగయ్య మూడో గది దగ్గరికి రాగానే చీపురు నెమ్మది చేసి, గడప మీద పడుకున్న మురళీకృష్ణ నీడ చుట్టూ ఊడ్చుకుపోయేవాడు. హమాలీలు క్రేట్లు మోస్తూ, నిద్రపోతున్న మనిషిని దాటినట్టు దాన్ని దాటేవాళ్లు. మురళీకృష్ణ నట్టెండలో నిలబడ్డా కాళ్ల దగ్గర నీడ ఉండేది కాదు. దాని గురించి ఎవరూ అడగలేదు.

ఆ నీడ ఎండాకాలం మొదట్లో అక్కడ పడిపోయింది.

మూసిన గదిలో మాగే కాయలు కార్బన్ డయాక్సైడ్ వదులుతాయి. దానికి వాసన ఉండదు. గాలి కంటే బరువు కాబట్టి నేల మీదే పేరుకుంటుంది. అందుకే మనిషిని లోపలికి పంపే ముందు, నడుముకు తగిలించుకునే చిన్న గ్యాసు మీటరును కర్రకు కట్టి కిందిదాకా పెట్టి చూడాలి. ఆ రోజు మీటరు, గ్యాసు ఎక్కువుందని కీచుమని అరిచింది. బయట భద్రాచలం పోయే లారీ హారన్ కొడుతోంది. ఓనరు వెంకటరామారావు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. మురళీకృష్ణ బటన్ నొక్కి ఆ అరుపు ఆపేశాడు.

"పో రాంబాబూ, ఏం కాదు."

హమాలీ రాంబాబు లోపలికి పోయి, కింది వరస క్రేటు కోసం వంగినవాడు అట్లాగే ఒరిగిపోయాడు.

ఊపిరి బిగబట్టి అతన్ని బయటికి లాగింది మురళీకృష్ణే. దవాఖానాకు తీసుకుపోయిందీ అతనే. కళ్లు తెరిచిన రాంబాబును డాక్టరు, పొద్దున ఏమన్నా తిన్నావా అని అడిగాడు. లేదన్నట్టు తల ఊపాడు రాంబాబు.

"అవ్, తినకుండనే వచ్చిండు" అన్నాడు మురళీకృష్ణ. మీటరు అరిచిన సంగతి చెప్పలేదు.

గోదాముకు తిరిగొచ్చేసరికి అతని నీడ మూడో గది గడప మీద బోర్లా పడి ఉంది.

అప్పటినుంచి రాంబాబు భార్య సుశీలమ్మ రెండు టిఫిన్ డబ్బాలు పంపేది. ఒకటి మొగుడికి, ఒకటి సారుకు. "నేను ఉత్త కడుపుతోని పంపితి. మీరు బతికిచ్చిండ్రు" అని కనపడ్డప్పుడల్లా దండం పెట్టేది. మురళీకృష్ణ తల ఎత్తకుండా ఆమె కూర తినేవాడు. ఆ రోజే సొరుగులో దాచిన మీటరును మళ్లీ బయటికి తీస్తే ఇన్నాళ్లూ ఎందుకు తీయలేదని ఎవరన్నా అడుగుతారు. అందుకే అది బల్ల సొరుగులోనే ఉండిపోయింది. ఎవరూ చూడనప్పుడు దానికి చార్జింగ్ మాత్రం పెట్టేవాడు. తలుపులు ఇంకొంచెం సేపు ఎక్కువ తెరిచి ఉంచి, అదే చాలనుకునేవాడు.

వానాకాలంలో ఒకరోజు కరెంటు పోయింది. ఫ్యాన్లు తిరగలేదు. మురళీకృష్ణ ఓనరుతో ఫోన్‌లో ఉండగానే రాంబాబు మూడో గదిలోకి కాలు పెట్టబోయి, గడప బయటే పడ్డాడు.

"సార్" అన్నాడు మామూలుగా. "మీ నీడ నా కాలు ఇడుస్తలేదు."

నిజంగానే నీడ చెయ్యి అతని మడమను గట్టిగా పట్టుకుని ఉంది. గంగయ్య వంగి విడిపించబోయినా రాలేదు. మురళీకృష్ణ ఫోన్ పెట్టేశాడు. తన బల్ల దగ్గరికి పోయి సొరుగు లాగాడు. మీటరును కర్రకు కట్టి గదిలోకి, నేల దాకా జరిపాడు.

అది అరిచింది. అందరూ వెనక్కి జరిగారు. ఈసారి అతను బటన్ ముట్టుకోలేదు.

నీడ పట్టు వదిలింది. రాంబాబు లేచి కూర్చుని చాలాసేపు ఆ అరుపే విన్నాడు.

"ఈ కూత నాకు ఎరుకే సార్" అన్నాడు చివరికి. "ఆ రోజు గూడ ఇన్న. నడుమనే ఆగిపోయింది."

"నేనే ఆపిన" అన్నాడు మురళీకృష్ణ.

"నాకు కాదు, సుశీలకు చెప్పండి."

సాయంత్రం వాళ్లింటికి పోయాడు. సుశీలమ్మ కుర్చీ వేసింది. అతను కూర్చోకుండానే అంతా చెప్పాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది.

"ఆయనను ఆకలితోని పంపిన్నని పొద్దుగాల నేను తింటలేను సారు" అన్నది. "ఇన్ని నెలల సంది."

కుర్చీ తీసుకుని లోపలికి పోయింది. అతను వాకిట్లోంచే వెనక్కి వచ్చేశాడు.

మర్నాడు ఒక్క డబ్బానే వచ్చింది. మురళీకృష్ణ మీటరును రాంబాబు నడుముకు తగిలించాడు. ఇక నుంచి ఏ గదిలోకి ఎవరు పోవాలన్నా చెప్పేది రాంబాబేనని, ఓనరు వెంకటరామారావు ఎదురుగానే చెప్పాడు. లారీ హారన్ కొట్టింది. అలవాటుకొద్దీ మురళీకృష్ణ గది వైపు ఒక అడుగు వేశాడు.

"ఆగండి సార్" అన్నాడు రాంబాబు, మీటరు మీది నుంచి చూపు తీయకుండా.

మురళీకృష్ణ ఆగాడు. కాళ్ల దగ్గర అతని నీడా ఆగింది.