అక్టోబరు గడ్డి

పొడవాటి వెదురుబద్దను అటొకసారి ఇటొకసారి ఆడిస్తూ విల్‌ఫ్రెడ్ ఆస్పినాల్ గడ్డిమీది మంచు దులుపుతున్నాడు. దులిపినంత మేరా ముదురాకుపచ్చ బయటపడుతోంది. తక్కినదంతా ఇంకా బూడిదరంగే. మంచు పొద్దెక్కేదాకా నిలిస్తే గడ్డికి తెగులు పడుతుంది. అందుకే ఉత్తర ఇంగ్లండులోని ఆ మిల్లుల ఊళ్ళో బౌల్స్ క్లబ్బు గేటు ముందుగా తీసేది ఆయనే. పొడుగాటి మనిషి, నడుము ఎడమకు ఒరిగిపోయింది. వేళ్ళ కణుపులు వాచి పిడికిలి పూర్తిగా మూసుకోదు.

నూలుమిల్లు మూతపడ్డాక ఈ పనిలో చేరాడు. బౌల్స్ అంటే గడ్డిమీద బరువైన బంతులు దొర్లించే ఆట. నేల కాస్త గతుకుపడినా బంతి దారి తప్పుతుంది. వేసవంతా కోత, కలుపు. ఆకురాలే కాలంలో ఎండుపొర గీకి, నేల గుచ్చి, జల్లించిన ఇసుకమట్టి చల్లడం. ఒక్క ఏడు బద్ధకిస్తే నాచు అల్లుకుంటుంది. ఆయన ఏ ఏడూ బద్ధకించలేదు. భార్య ఎడిత్ సముద్రం చూసొద్దామని అడిగినప్పుడల్లా, "గుచ్చుడు పని అయిపోనీ" అనేవాడు. అది అయ్యేసరికి ఆమె ఊపిరితిత్తులకు పడని చలి మొదలయ్యేది. ఇంటిముందున్న చాపంత గడ్డిని చూసుకునే తీరిక కూడా ఆయనకు దొరక్క, చివరికి ఆమే మేస్త్రీని పిలిచి బండలు పరిపించింది. ఆ బండలమీదుగానే ఆమెను మోసుకెళ్ళారు.

ఇప్పుడు క్లబ్బూ అయిపోయింది. ఆటగాళ్ళలో సగంమంది మట్టిలో కలిశారు, మిగతావాళ్ళు మోకాళ్ళ నొప్పులతో ఇల్లు కదలరు. స్థలం అమ్మేశారు, ఇళ్ళు కడతారట.

మంచు దులపడం అయ్యాక ఆయన పళ్ళపార తెచ్చి, కాలితో తొక్కి నేలలోకి దింపడం మొదలుపెట్టాడు. టీగది ఖాళీ చేస్తున్న మ్యూరియల్ చేతిలో ప్లేట్లతోనే గుమ్మంలోకి వచ్చింది. ఆమె కూడా అక్కడే ముసలిదైంది.

"ఏమయ్యా, నీకు చెవులు పోయాయా, బుర్ర పోయిందా? సోమవారం బుల్డోజరు వస్తోంది. దానికి పరుపు మెత్తగా వేస్తున్నావా?"

"ఇప్పుడు గుచ్చకపోతే చలికాలమంతా నీళ్ళు నిలుస్తాయి, మ్యూరియల్."

"నిలవనీ. బాతులన్నా వస్తాయి."

"వసంతానికి నాచు..."

"వసంతానికి అక్కడ ఎవరిదో వంటిల్లు ఉంటుందయ్యా!"

ఆయన పార పైకి లాగి, జానెడు వెనక్కి జరిగి, మళ్ళీ తొక్కాడు.

"ఇంటికెళ్ళి ఏం చెయ్యమంటావు? బండలు ఊడ్చుకోనా?"

మ్యూరియల్ చేతిలోని ప్లేట్లు సర్దుకుంది. "ఆ మూల అయ్యాక ఆపు. టీ తెస్తాను" అని లోపలికి వెళ్ళిపోయింది.

మూల దాకా రాకముందే ఎడమచెయ్యి సీసంలా బరువెక్కింది. విల్‌ఫ్రెడ్ పార వదిలేసి గడ్డిమీద కూర్చున్నాడు. అక్కడ ఎవరినీ, ఆఖరికి ఎడిత్‌ని కూడా, ఏనాడూ కూర్చోనివ్వలేదు. తర్వాత పక్కకు ఒరిగాడు. చెంపకు తడి తగిలింది, చల్లగా. కంటికి ఇంత దగ్గరగా ఆయన ఎప్పుడూ ఆ గడ్డిని చూడలేదు. పోచల మొదళ్ళలో, నిలబడితే కనబడని చోట, నాచు. సన్నగా, దారాల్లా, కనిపించినంత మేరా. ఇవాళ్టిది కాదు, ఎన్నాళ్ళనుంచో పాకినది. గోటితో గీకబోయాడు. వేలు కదలలేదు.

మ్యూరియల్ టీ తెచ్చింది. "మూల కాలేదేం?" అంది. ఇంకో రెండడుగులు వేసి ఆగిపోయింది. చేతిలోని కప్పు బెంచీమీద పెట్టి, గేటువైపు పరుగెత్తింది. మధ్యాహ్నానికి ముఖంమీద దుప్పటి కప్పి ఆయన్ని తీసుకెళ్ళారు. ఆమె తలుపుకు తాళం వేసి, మరి వెనక్కి చూడకుండా వెళ్ళిపోయింది.

సోమవారం యంత్రం అవతలి కొసనుంచి నేల తవ్వుకుంటూ వచ్చింది. బెంచీమీద, అంచు కాస్త విరిగిన నీలిగీత కప్పులో, టీమీద రెండురోజుల వాన నిండి ఉంది.