టైలర్ గుమ్మం ముందు స్పీడ్ బ్రేకర్

పొద్దున్నే తలుపు తీయగానే ఆ వీధివాళ్ళు ముందు రోడ్డు వైపు చూస్తారు. స్పీడ్ బ్రేకర్ ఎవరింటి ముందుందో చూసుకున్నాకే పాల ప్యాకెట్ లోపలికి తీసుకెళ్తారు.

వేసినప్పుడు దాన్ని వీధి మొదట్లో, ఇస్త్రీ బండి పక్కన వేశారు. రెండు పెద్ద రోడ్లకు అడ్డదారి కావడంతో ఆఫీసు కార్లు, ఇసుక లారీలు, తొందరున్న ప్రతివాడూ అందులోంచే దూసుకుపోయేవాళ్ళు. ఒక పెద్దాయన కాలు విరిగి, జనం గొడవ చేశాక గానీ మున్సిపాలిటీ కదల్లేదు. రోడ్డుకు అడ్డంగా తారు గుట్ట పోశారు, తెల్ల గీతలు గీశారు, మలుపుల దగ్గర రోడ్డును కాస్త ఇరుకు చేసి వెళ్ళిపోయారు.

గీతలూ, ఇరుకు చేసిన మలుపులూ ఎక్కడివక్కడే ఉన్నాయి. స్పీడ్ బ్రేకర్ మాత్రం వారం తిరక్కుండానే కదిలింది. మేడింటి పసివాడు నడక నేర్చినప్పుడు వాళ్ళ గేటు ముందుకొచ్చింది. వాడికి కాస్త బుద్ధి తెలిశాక, చూపు మందగించిన పంతులుగారింటి ఎదుటికి జరిగింది. ఎప్పుడు జరిగేదో ఎవరూ చూడలేదు. చూడాలని కాపలా కాసినవాళ్ళూ లేరు. "ఇవాళ మా వాకిట్లో ఉంది వదినా, అత్తయ్యగారిని ఇటునుంచి దాటమను" అని చెప్పుకునేవాళ్ళు, అంతే. బండ్లు నడిపేవాళ్ళే తిట్టుకునేవాళ్ళు. నిన్న లేనిచోట ఇవాళ ఉంటే నడుం విరుగుతుంది కదా! దాంతో వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడపడం అలవాటైంది.

రెండేళ్ళు గడిచాక, ఇవన్నీ పనిచేస్తున్నాయా, ఉంచాలా, తీసేయాలా తేల్చడానికి ఆఫీసు నుంచి ఇంజనీరమ్మ వచ్చింది. నలభై దాటిన మనిషి. మాట తక్కువ. ఆగి ఉన్న వ్యాను చాటున నిలబడి, వచ్చే బండ్ల వేగం కొలిచేది. ప్లానులో గుర్తు పెట్టినచోట రోడ్డు నున్నగా ఉండేసరికి ఇస్త్రీ ఆయన్ని అడిగింది.

"ఇక్కడుండాలి కదా, ఏదయ్యా?"

"కొత్తగా సైకిల్ నేర్చుకుంటోందే, ఆ పాప ఇంటి ముందుంది మేడమ్. రెండు నెలలైంది అటెళ్ళి."

ఇంజనీరమ్మ పాత గుర్తు కొట్టేసి, పెన్సిలుతో కొత్తది పెట్టుకుంది.

"పెన్సిలే మేలు లెండి" అన్నాడు ఇస్త్రీ ఆయన, బొగ్గులు ఊదుకుంటూ.

కొలతలన్నీ మంచి మాటే చెప్పాయి. బండ్ల వేగం బాగా తగ్గింది. దెబ్బలు తగిలినవాళ్ళు లేరు. పిల్లలు అరుగుల మీంచి దిగి రోడ్డు పక్కన ఆడుకుంటున్నారు. వీధి మొత్తంలో అర్జీ పెట్టినవాడు ఒకే ఒక్కడు, వీధి చివర ఉండే టైలర్. స్పీడ్ బ్రేకర్ తీసేయమని రాశాడు.

ఇంజనీరమ్మ ఆయన దగ్గరికి వెళ్ళింది. ముందుగది కొట్టు, వెనకగది ఇల్లు. రెండు మిషన్లున్నాయి. ఒకదాని మీద తెల్లగుడ్డ కప్పి ఉంది.

"అది మా ఆవిడది" అన్నాడు టైలర్. "జాకెట్లన్నీ తనే కుట్టేది. కుడుతూ కుడుతూనే పడిపోయిందమ్మా. అంబులెన్సుకి ఫోన్ చేసి గుమ్మంలో నిలబడ్డాను. వీధి మొదట్లోకి వచ్చేసింది, లైటు కనబడుతోంది. ఆ గుట్ట దగ్గరికొచ్చి ఆగినంత పనైంది. ముందు చక్రాలు ఎక్కి దిగాయి. తర్వాత వెనక చక్రాలు."

ఇంజనీరమ్మ తెల్లగుడ్డ కప్పిన మిషను వైపు చూసింది. తర్వాత నెమ్మదిగా, "నేను అబద్ధం చెప్పను. ఆలస్యం అవుతుంది. కొన్ని క్షణాలే, కానీ అవుతుంది. డాక్టరు ఏమన్నారు?" అంది.

"అంబులెన్సు రాకముందే ప్రాణం పోయిందన్నాడు. ఆ మాట నా బుర్ర నమ్ముతుందమ్మా. ఇది నమ్మదు." గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. "ఆ రోజు అది పాప కోసం అక్కడుంది. పాప మీద నాకేం కోపం లేదు. బంగారు తల్లి. కానీ వాళ్ళమ్మ ఇప్పుడు నా మొహంలోకి చూడలేకపోతోంది. నేనూ చూడలేకపోతున్నా. తీసేయండమ్మా, మీకు పుణ్యముంటుంది."

ఆమె ఏ మాటా ఇవ్వకుండానే లేచింది. ఒకవైపు వీధి నిండా పిల్లలు, ఒకవైపు ఈ మనిషి. ఇద్దరినీ ఒకే తక్కెడలో ఎలా వెయ్యాలో ఆమెకు తోచలేదు.

మర్నాడు సర్వేకి ఆఖరి రోజు. ఇంజనీరమ్మ వచ్చేసరికి వీధి చివర నలుగురు గుమిగూడి ఉన్నారు. స్పీడ్ బ్రేకర్ టైలర్ గుమ్మం ముందుంది.

"ఆ ఇంట్లో పసిపిల్లల్లేరే" అంది మేడింటావిడ.

"పెద్దవాళ్ళూ లేరు. ఆయనొక్కడేగా" అన్నాడు ఇస్త్రీ ఆయన.

"దాని మీద కోపంతో అర్జీ పెట్టాడు కదా, బతిమాలుకోడానికి వచ్చిందేమో!" అని ఎవరో అన్నారు. ఎవరూ నవ్వలేదు.

సైకిల్ పాప తల్లి మాత్రం తారు గుట్టనీ మూసిన తలుపునీ మార్చి మార్చి చూస్తోంది. "నిన్న సాయంత్రం పాప యూనిఫాం ఇంటికి తెచ్చిచ్చాడు" అంది. "ఇంకా వారం పడుతుందన్నవాడు."

"మా చొక్కాలూ ఇచ్చేశాడే" అన్నారు పంతులుగారు. "డబ్బులు తర్వాత చూద్దాంలెండి అన్నాడు."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాప తల్లి ఇక ఆగలేదు. పరుగున వెళ్ళి తలుపు తట్టబోయింది. అంతలో తలుపే తెరుచుకుంది. టైలర్ ఉతికిన చొక్కా వేసుకుని, జుట్టు దువ్వుకుని ఉన్నాడు. ఆమెను చూడలేదు. ఎడమవైపు మలుపు దగ్గర ఇసుక లారీ చప్పుడు వినబడుతోంది. ఆయన అటే చూస్తూ మెట్టు దిగి, ఎదురుగా ఉన్నదాన్ని చూసి ఆగిపోయాడు.

"ఇదెవరికోసం వచ్చింది ఇక్కడికి?" అన్నాడు.

"మీకోసమే అన్నయ్యగారూ" అంది పాప తల్లి. ఇన్నాళ్ళకు ఆయన మొహంలోకి సూటిగా చూసింది.

ఆయన ఆ గుట్ట మీదే కూలబడ్డాడు. "లారీకి ఎదురెళ్దామనుకున్నానమ్మా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె ఆయన పక్కనే నేల మీద కూర్చుని చెయ్యి గట్టిగా పట్టుకుంది. లారీ వచ్చింది. డ్రైవరు దూరం నుంచే వేగం తగ్గించి, హారన్ కొట్టకుండా ఆపేశాడు. ఇస్త్రీ ఆయన చెయ్యెత్తి కాసేపాగమన్నాడు. వాళ్ళు లేచి లోపలికి వెళ్ళేదాకా లారీ అక్కడే ఉంది.

ఆ రోజు మొదలు టైలర్‌ని వీధివాళ్ళు ఒంటరిగా వదల్లేదు. పంతులుగారు పేపరు చదివి పెట్టే వంకతో వచ్చి కూర్చునేవారు, తనకు అక్షరాలు సరిగ్గా కనబడకపోయినా. పాప తల్లి ఆయన్ని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది, మందులు మానకుండా చూసుకుంది. ఊరి నుంచి ఆయన అక్కగారు వచ్చి నెల రోజులుంది.

ఇంజనీరమ్మ రిపోర్టు వెంటనే ఇవ్వలేదు. ఉంచాలనీ రాయలేదు, తీసేయాలనీ రాయలేదు. ఒకరోజు అంబులెన్సు ఒకదాన్ని వెంటబెట్టుకుని టైలర్ కొట్టు ముందు దిగింది.

"మీ సాయం కావాలి" అంది. "ఈ గుట్టకు రెండు సందులు కోయిస్తాను. చక్రాల మధ్య ఎడం కార్లకంటే అంబులెన్సుకి ఎక్కువ; దాని చక్రాలు వాటిలోంచి నేరుగా పోవాలి, కార్లకి మాత్రం ఎత్తు తగలాలి. కొలత తప్పకూడదు. ఇద్దరం కొలుద్దాం."

అంబులెన్సు డ్రైవరు దిగి టైలర్ ముందు తలొంచుకు నిలబడ్డాడు. "ఆ రోజు నేనే వచ్చాను సార్. అంతకంటే గట్టిగా తొక్కలేకపోయాను."

టైలర్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "నీ తప్పేముంది నాయనా, రా" అని, మెడలోని టేపు తీసి రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక కొస డ్రైవరు పట్టుకున్నాడు. ఒక చక్రం నుంచి రెండో చక్రం దాకా టేపు చాలలేదు. ఆయన బొటనవేలితో అక్కడే అదిమిపట్టి, జేబులోంచి సుద్దముక్క తీసి గీత గీశాడు. మళ్ళీ అక్కడినుంచి మొదలుపెట్టాడు.

"ఒక అంగుళం ఎక్కువే ఉంచండమ్మా" అన్నాడు తలెత్తకుండా. "కుట్టు విప్పి వదులు చెయ్యడానికి ఇది చొక్కా కాదు."